పీటర్ గేబ్రియల్, మా బావ క్యాసెట్, పాలకొల్లు మాండొలిన్

ఇంగ్లండు రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ పేరు నాకు మొదట చెప్పింది మా బావ. విశాఖలో ఇంజినీరింగ్ చదివేవాడు, సెలవులకి భీమవరం వచ్చాడంటే బ్యాగులో బట్టలకంటే క్యాసెట్లే ఎక్కువ ఉండేవి. 1993 ప్రాంతం అది. మా వీధిలోకి కేబుల్ కొత్తగా వచ్చింది, స్టార్ వాళ్ల పుణ్యమా అని ఎంటీవీ కూడా వచ్చేది, భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు కునుకు తీసే వేళ సౌండు బాగా తగ్గించి టీవీకి ఆనుకుని కూర్చునేవాళ్లం. అలా ఓ మధ్యాహ్నం వచ్చింది గేబ్రియల్ పాట స్లెడ్జ్‌హామర్ వీడియో. ఒక మనిషి ముఖం చుట్టూ పళ్లూ చేపలూ వాటంతటవే తిరుగుతున్నాయి, ముఖం మట్టిముద్దగా మారి మళ్లీ ముఖం అవుతోంది, ఈకలు పీకేసిన రెండు కోళ్లు వేదిక మీద డాన్సు చేస్తున్నాయి. మా పిన్ని నిద్రలేచి వచ్చి గుమ్మంలో నిలబడి, "అదేవిట్రా, ఆ కోళ్లని అలా ఎగిరిస్తున్నారు?" అంది. అని లోపలికి వెళ్లిపోకుండా పాట అయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది.

ఆ వీడియో కోసం గేబ్రియల్ అద్దం పలక కింద పదహారు గంటలు కదలకుండా పడుకున్నాడని, ఒక్కో ఫ్రేమూ విడివిడిగా తీశారని బావ చెప్తే నోరెళ్లబెట్టాం. ఆ కోళ్ల డాన్సు చేసింది ఆర్డ్‌మన్ స్టూడియోలో అప్పటికి కుర్రాడైన నిక్ పార్క్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1987లో ఎంటీవీ అవార్డులు తొమ్మిది ఆ ఒక్క వీడియోకే వచ్చాయి, ఒకే ఏడాదిలో ఇంకే వీడియోకీ అన్ని రాలేదు. కానీ ఆ రోజు బావ చెప్పిన మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది వేరే ఒకటి. "వీడు ముందు జెనిసిస్ అనే బ్యాండులో పాడేవాడురా, బ్యాండు మంచి ఊపు మీద ఉండగా వదిలేసి ఇంటికెళ్లిపోయాడు" అన్నాడు. అంత పేరొచ్చాక ఎవరైనా ఎందుకు వదిలేస్తారు? ఆ ప్రశ్నే నన్ను ఈ మనిషి వెంట పడేలా చేసింది, ఇన్నేళ్లుగా.

జెనిసిస్ పుట్టింది ఇంగ్లండులో చార్టర్‌హౌస్ అనే బోర్డింగ్ స్కూల్లో, 1967లో. డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే బడి. టోనీ బ్యాంక్స్ కీబోర్డులు, మైక్ రుథర్‌ఫర్డ్, ఆంథొనీ ఫిలిప్స్ గిటార్లు, పాడేది గేబ్రియల్. మొదటి ఆల్బం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970లో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్‌కి, ఆ వెనకే స్టీవ్ హాకెట్ గిటార్‌కి వచ్చాక అసలు జెనిసిస్ మొదలైంది. పాటలు ఎంత పొడవంటే, 1972లో వచ్చిన ఫాక్స్‌ట్రాట్ ఆల్బంలో సపర్స్ రెడీ ఒక్కటే ఇరవై మూడు నిమిషాలు. మిగతావాళ్లందరూ కుర్చీల్లో కూర్చుని తలొంచుకుని వాయించేవాళ్లు, పాటకీ పాటకీ మధ్య పన్నెండు తీగల గిటార్లు శృతి చేసుకోవడానికి బోలెడు టైం పట్టేది, జనం ముందు నిలబడి ఆ ఖాళీని నింపాల్సిన బాధ్యత గేబ్రియల్ మీద పడేది. అందుకని వింత వింత కథలు అల్లి చెప్పడం మొదలుపెట్టాడు. కథల తర్వాత వేషాలు. 1972లో డబ్లిన్‌లో కచేరీ మధ్యలో లోపలికెళ్లి, భార్య ఎర్ర గౌను తొడుక్కుని, తలకి నక్క తల పెట్టుకుని వచ్చేశాడు. బ్యాండువాళ్లకి కూడా ముందు చెప్పలేదు. జనం కొయ్యబారిపోయారు, పత్రికలు మాత్రం ఎగబడ్డాయి.

బావ దగ్గర ఏదో ఇంగ్లిషు పత్రికలోంచి జిరాక్స్ తీసిన ఫొటో ఒకటి ఉండేది. నల్లటి దుస్తులు, ముఖం చుట్టూ పెద్ద పువ్వు రేకులు, మధ్యలో నిర్వికారంగా చూస్తున్న ముఖం. జిరాక్స్ కదా, నలుపు అంతా మసిలా అలుక్కుపోయి ముఖం, రేకులు మాత్రమే తెల్లగా కనపడేవి. దాన్ని నాలుగు మడతలు పెట్టి క్యాసెట్ డబ్బాలో దాచుకునేవాడు, మడతల దగ్గర ఇంకు రాలిపోయి ముఖం మీదుగా తెల్లటి అడ్డగీత పడింది. మా ఊళ్లో వేషాలు కట్టే భోగేశ్వరరావూ పగటివేషగాళ్లూ తెలిసిన నాకు ఆ ఫొటో అంత కొత్తగా అనిపించలేదు నిజానికి. వేషం కట్టినవాడికి ఒక ధైర్యం వస్తుంది, మామూలు మనిషిగా అనలేనివి అంటాడు. చిన్నప్పటినుంచీ బిడియస్తుడైన గేబ్రియల్‌కి కూడా అదే జరిగిందని నా నమ్మకం.

1974 నాటికి వ్యవహారం ముదిరింది. ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే అని రెండు రికార్డుల ఆల్బం, న్యూయార్క్ వీధుల్లో తిరిగే రాయెల్ అనే కుర్రాడి కథ. మాటలన్నీ నేనే రాస్తానని గేబ్రియల్ పట్టుపట్టాడు, మిగతా నలుగురూ ఇంకో గదిలో సంగీతం కట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే గేబ్రియల్‌కి పెద్ద కూతురు పుట్టింది, పుట్టడమే ప్రాణం మీదకి వచ్చింది, పసిపాప వారాలపాటు ఇంక్యుబేటర్‌లో. అతను ఆసుపత్రికీ రికార్డింగ్‌కీ మధ్య తిరుగుతున్నాడు, ఇరవై నాలుగేళ్లు, ఆ టెన్షన్ ఏమిటో మిగతావాళ్లకి అర్థం కాలేదు. ఆ తర్వాత కాలంలో వాళ్లే ఆ మాట ఒప్పుకున్నారు. టూర్ మొదలైన కొత్తల్లోనే, అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో, నేను వెళ్లిపోతున్నానని బ్యాండుకి చెప్పేశాడు. చెప్పాక కూడా 1975 మే దాకా, వందకి పైగా కచేరీలు, ఒంటినిండా గడ్డలు గడ్డలుగా ఉండే స్లిప్పర్‌మన్ వేషంలో మైకు నోటిదాకా రాకపోయినా పాడుతూ, మాట ప్రకారం టూర్ పూర్తిచేశాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం మొదలైంది ఇక్కడే. అలిగి మధ్యలో పోలేదు.

1975 ఆగస్టులో పత్రికలకి ఒక ఉత్తరం రాశాడు. పాటలు రాసుకోవడానికని తామే కట్టుకున్న బండి చివరికి తమకే యజమాని అయి కూర్చుందని, కోరుకున్న విజయంలోనే తామంతా ఇరుక్కుపోయామని దాని సారాంశం. అప్పటికి అతనికి పాతికేళ్లు. ఆ తర్వాత బాత్ నగరం దగ్గర పల్లెలో ఇంటిపట్టున ఉన్నాడు. జెనిసిస్ ఇక అయిపోయిందని అందరూ అనుకున్నారు. వాళ్లేమో గాయకుడి కోసం ఎంతోమందిని పరీక్షించి, ఎవరూ కుదరక, వెనక డ్రమ్స్ వాయిస్తున్న కాలిన్స్‌నే ముందుకి తెచ్చారు, 1976లో వచ్చిన ఆల్బం అంతకుముందువాటికంటే బాగా అమ్ముడైంది. ఒక మనిషి తప్పుకోవడం వల్ల రెండు గొంతులు బయటపడ్డాయి. గేబ్రియల్ ఉంటే కాలిన్స్ జన్మంతా డ్రమ్స్ వెనకే ఉండిపోయేవాడేమో.

ఇక సాల్స్‌బరీ హిల్. బావ క్యాసెట్ టీడీకే తొంభై నిమిషాలది, ఒకవైపు సో ఆల్బం, రెండోవైపు 1977లో వచ్చిన మొదటి సోలో ఆల్బం. (సో నలభై అయిదు నిమిషాలకంటే కాస్త ఎక్కువ, అందుకే ఆ వైపు చివరి పాట ఎప్పుడూ కొసలో తెగిపోయేది. ఇప్పటికీ ఆ పాట పూర్తిగా వింటే చివరి భాగం నాకు అదనంగా అనిపిస్తుంది.) రెండోవైపు రెండో పాట సాల్స్‌బరీ హిల్. బాత్ దగ్గర ఉండే చిన్న కొండ అది. రాత్రి ఆ కొండెక్కి ఊరి దీపాలు చూసిన మనిషి, ఉన్న చోటు వదిలేసి తన దారిన తను వెళ్లాలని నిశ్చయించుకునే పాట. జెనిసిస్ వదిలేయడం గురించే. బావ ఆ పాట పెట్టి వేళ్లతో తాళం వేయడానికి ప్రయత్నించేవాడు, ఒకటి రెండు మూడు నాలుగు అంటూ, ప్రతిసారీ తప్పేది. మా పిన్ని ఇంట్లో పిల్లలకి సంగీతం చెప్పేది. వంటింట్లోంచి బీరకాయ, చాకు పట్టుకునే వచ్చి, "నాలుగు కాదురా, ఏడు" అంది. కూర్చుని తొడ మీద తకిట తకధిమి, తకిట తకధిమి అని వేసి చూపించింది. పాట ఆ లెక్కలో కూర్చుంది. "మిశ్ర చాపు! ఈ దొర మిశ్ర చాపులో పాడుతున్నాడర్రా" అని ఎంత సంబరపడిందో. ఇంకోసారి వెనక్కి తిప్పించుకుని, చివర్లో కాసేపు నాలుగులోకి వెళ్లి మళ్లీ ఏడులోకి రావడం కూడా పట్టేసుకుంది. ఆ తర్వాత క్యాసెట్ ఆపేసి, "మన నిధి చాల సుఖమా కూడా ఇదే తాళం" అని కల్యాణిలో పల్లవి అందుకుంది. త్యాగయ్య ఏ నిధి వద్దన్నాడో, ఈ దొర ఏ నిధి వదిలేసి కొండెక్కాడో పిన్నికి ఎవరూ చెప్పలేదు. బావా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం.

ఆ పాట ఇంగ్లండు చార్టులో పదమూడో స్థానం దాకా వెళ్లింది. ఆ మొదటి ఆల్బంతో మొదలుపెట్టి వరసగా నాలుగు ఆల్బంలు, అన్నింటికీ పేరు ఒకటే, పీటర్ గేబ్రియల్. పత్రికకి సంచిక మారినా పేరు మారదు కదా, అలాగ అనేవాడు. అభిమానులు మొదటి మూడింటినీ అట్ట మీద బొమ్మని బట్టి కారు, గీతలు, కరిగిన ముఖం అని పిలుచుకుంటారు. నన్నడిగితే మొత్తం అతని జీవితంలోకి గొప్ప పని 1980లో వచ్చిన మూడోది, ఆ కరిగిన ముఖం ఆల్బం. సో కాదు. ఈ విషయంలో బావకీ నాకూ ఇప్పటికీ పేచీయే.

ఆ మూడో ఆల్బంకి గేబ్రియల్ ఒక నిబంధన పెట్టాడు, డ్రమ్స్‌లో సింబల్స్ అంటే తాళాల్లా మోగే ఇత్తడి పళ్లేలు ఎక్కడా వాడకూడదని. లండన్‌లో టౌన్‌హౌస్ స్టూడియో. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజినీరు హ్యూ ప్యాడ్జమ్. వాయించడానికి వచ్చింది ఎవరో కాదు, ఫిల్ కాలిన్స్. స్టూడియోలో వాయించేవాళ్ల మాటలు లోపలివాళ్లకి వినపడటానికి పైన ఒక మైకు వేలాడుతుంటుంది, దానికి శబ్దాన్ని గట్టిగా నొక్కిపట్టే ఏర్పాటు ఉంటుంది. కాలిన్స్ డ్రమ్స్ కొడుతుంటే అనుకోకుండా ఆ మైకులోంచి వినపడిన శబ్దం భయంకరంగా, అద్భుతంగా ఉంది. దానికి గేటు అనే పరికరం తగిలించి, ప్రతి దెబ్బ మోతనీ మధ్యలోనే కోసేశారు. ఇంట్రూడర్ పాట మొదట్లో వినండి. ధడాలున తలుపేసి వెంటనే గొళ్లెం పెట్టినట్టుంటుంది ప్రతి దెబ్బా. మోత మొదలవుతుంది, సాగబోతుంది, ఠక్కున ఆగిపోతుంది. మరుసటి ఏడాది కాలిన్స్ తన సొంత ఆల్బంలో, ఇన్ ది ఎయిర్ టునైట్‌లో అదే శబ్దం వాడుకున్నాడు, అక్కణ్ణించి ఎనభైల్లో వచ్చిన సగం పాటల్లో అదే డ్రమ్స్. మన తెలుగు సినిమా పాటల్లో కూడా ఆ కాలంలో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అలా తెగిపడుతూ మోగడం గుర్తుండే ఉంటుంది.

అమెరికాలో అతని పాటలు వేసే అట్లాంటిక్ కంపెనీ ఈ ఆల్బం అమ్ముడుపోదని వేయనంది. వేరే కంపెనీ వేసింది. అందులోని గేమ్స్ వితౌట్ ఫ్రాంటియర్స్ ఇంగ్లండులో నాలుగో స్థానానికి వెళ్లింది, వెనక పాడింది ఇంగ్లండు గాయని కేట్ బుష్. ఆల్బం చివర్లో బీకో ఉంది. దక్షిణాఫ్రికాలో నల్లజాతి యువకుల నాయకుడు స్టీవ్ బీకో 1977 సెప్టెంబర్ 12న పోలీసుల నిర్బంధంలో చనిపోయాడు, ఒంటి మీద ముప్ఫై ఏళ్లు. ఇంగ్లండు పల్లెలో కూర్చున్న ఒక తెల్లవాడు ఆ వార్త విని, మూడేళ్లలో దాన్ని ఏడు నిమిషాల పాటగా చేశాడు. మొదట్లోనూ చివర్లోనూ దక్షిణాఫ్రికా అంతిమయాత్రల్లో పాడే పాటలే వినిపిస్తాయి. ఆ దేశంలో పాటని నిషేధించారు. నాకు ఇంటర్‌లో బీకో ఎవరో తెలీదు. బావకీ సరిగ్గా తెలీదు. ఊళ్లో లైబ్రరీలో వెతికాను, దొరకలేదు, తర్వాత హైదరాబాద్ వచ్చాక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అతని మీద రాసిన పుస్తకం ఒకటి దొరికింది. ఒక పాట నన్ను ఒక దేశ చరిత్ర దగ్గరికి తీసుకెళ్లడం అదే మొదలు.

1982లో చేసిన పని ఇంకా పెద్దది. ఆఫ్రికా, ఆసియా సంగీతకారుల్ని, ఇంగ్లండు రాక్ బ్యాండుల్ని ఒకే వేదిక మీదకి తేవాలని వోమాడ్ పండుగ పెట్టాడు, షెప్టన్ మాలెట్ అనే ఊళ్లో. బురుండీ డ్రమ్మర్లు వచ్చారు. జనం అనుకున్నంత రాలేదు. అప్పులు నెత్తిన పడ్డాయి, బెదిరింపు ఫోన్లు కూడా వచ్చాయి. అప్పుడు ఎవరు ఆదుకున్నారనుకున్నారు? తను వదిలేసి వచ్చిన జెనిసిస్. ఆ ఏడాది అక్టోబర్ 2న మిల్టన్ కీన్స్‌లో, జోరువానలో, ఒక్క రాత్రి కోసం అందరూ కలిసి పాత పాటలు వాయించారు, వచ్చిన డబ్బుతో అప్పు తీరింది. గేబ్రియల్‌ని శవపేటికలో మోసుకొచ్చి వేదిక మీద దించితే అందులోంచి లేచి పాడాడు. విడిపోయిన ఏడేళ్లకి, ఏ పట్టింపులూ లేకుండా. మన దగ్గర అన్నదమ్ములు వాటాలు పంచుకున్నాక ఒకరి గుమ్మం ఒకరు తొక్కని ఇళ్లు ఎన్ని చూడలేదు! అందుకే ఆ కచేరీ సంగతి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

సో ఆల్బం 1986. డేనియల్ లాన్వా నిర్మాత, గేబ్రియల్ ఇంటి దగ్గరే పశువుల కొట్టంలో పెట్టుకున్న స్టూడియో. కుర్రాడిగా ఉన్నప్పుడు, 1966లో, లండన్‌లో ఓటిస్ రెడింగ్ కచేరీ చూసి మతిపోగొట్టుకున్నాడట, ఆ ఋణం తీర్చుకోవడానికే స్లెడ్జ్‌హామర్. ఓటిస్‌తో వాయించిన వేన్ జాక్సన్‌నే ట్రంపెట్‌కి పిలిపించుకున్నాడు. ఆ ఏడాది జూలైలో అమెరికా చార్టులో స్లెడ్జ్‌హామర్ మొదటి స్థానానికి వచ్చింది, దాని కోసం అక్కణ్ణించి దిగిపోయిన పాట ఏదో తెలుసా, జెనిసిస్ వాళ్ల ఇన్విజిబుల్ టచ్! పదకొండేళ్ల కిందట ఒకే వ్యాన్‌లో తిరిగినవాళ్లు. వాళ్లకి ఆ బ్యాండు పేరు మీద అమెరికాలో నంబర్ వన్ అయిన పాట అదొక్కటే, పాత స్నేహితుడే వచ్చి దాన్ని దింపాడు.

డోంట్ గివ్ అప్ మాత్రం నేను ఉద్యోగం లేకుండా హైదరాబాద్‌లో గడిపిన రోజుల్లో తెలిసొచ్చిన పాట. ఎస్.ఆర్.నగర్‌లో నలుగురం ఒక గది, పొద్దున్నే పేపర్లో ప్రకటనలు చూసుకుని ఇరానీ చాయ్ ఒకటి ఇద్దరు పంచుకుని బయల్దేరేవాళ్లం. అమెరికాలో 1930ల కరువు రోజుల్లో డొరొతియా లాంజ్ తీసిన ఫొటోలు చూసి, థాచర్ కాలంలో ఇంగ్లండులో ఉద్యోగాలు పోయినవాళ్లని చూసి గేబ్రియల్ రాసిన పాట. పని లేని మగాడి మాటలు అతను పాడితే, నీకు మేమున్నాం అని కేట్ బుష్ జవాబు చెప్తుంది. ఒక ఇంటర్వ్యూలో, ఏ కంపెనీయో చెప్పను, నా కాగితాలు చూడకుండానే పంపేస్తే, అమీర్‌పేట నుంచి నడుచుకుంటూ వస్తూ వాక్‌మన్‌లో ఆ పాటే వెనక్కి తిప్పీ తిప్పీ విన్నాను, బ్యాటరీలు అయిపోయి ఆమె గొంతు మగగొంతులా సాగిపోయేదాకా. పాట ఉద్యోగం ఇవ్వదు. కానీ ఆ రోజు నాతో మాట్లాడింది ఆ పాటొక్కటే.

ఇక్కడ ఒకటి గమనించాను. బ్యాండు వదిలేసి ఒంటరిగా వెళ్లిన మనిషి కదా, గొప్ప పాటల్లో ఒక్కటీ ఒంటరిగా లేదు. కేట్ బుష్, సెనెగల్ నుంచి యూసూ ఎన్‌దూర్, ఐర్లండు నుంచి షినేడ్ ఓకానర్. ఇన్ యువర్ ఐస్ చివర్లో యూసూ తన వోలోఫ్ భాషలో అందుకుంటాడు, కచేరీల్లో అయితే గేబ్రియల్ పక్కకి తప్పుకుని నిమిషాల తరబడి ఆయన్నే పాడనిస్తాడు. 1988లో ఆమ్నెస్టీ వాళ్ల మానవహక్కుల టూర్‌లో వీళ్లిద్దరూ, స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, ట్రేసీ చాప్‌మన్ అందరూ కలిసి ఢిల్లీ వచ్చారు, సెప్టెంబర్ 30న నెహ్రూ స్టేడియంలో పాడారు. అప్పటికి నేను మరీ చిన్న, తెలిసినా ఎవరు తీసుకెళ్తారు! బావ మాత్రం ఇప్పటికీ ఆ మాటెత్తితే బాధపడతాడు.

1989లో బాక్స్ అనే పల్లెలో, ఏటి ఒడ్డున పాత మిల్లుని స్టూడియోగా మార్చి, రియల్ వరల్డ్ పేరుతో రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి రికార్డు ప్యాషన్, ఒక సినిమాకి తను చేసిన సంగీతం. అందులో పాకిస్తాన్ నుంచి నుస్రత్ ఫతే అలీఖాన్ ఆలాపన ఉంటుంది, మన మద్రాసు ఎల్. శంకర్ వయొలిన్ ఉంటుంది. నుస్రత్ గొంతు ప్రపంచంలో అంతమంది విన్నారంటే అందులో వోమాడ్‌కీ ఈ కంపెనీకీ పెద్ద భాగం ఉంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. పాలకొల్లు భీమవరానికి బస్సులో గంట దూరం. అక్కడ 1969లో పుట్టినవారు మాండొలిన్ శ్రీనివాస్ గారు. మా జిల్లాలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదు, తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసిన పిల్లవాడని మా పిన్ని ప్రతి శిష్యురాలికీ చెప్పి మరీ సాధన చేయించేది. పూజ చేసుకునేటప్పుడు ఆయన క్యాసెట్లే పెట్టుకునేది. తొంభైల చివర్లో హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ షాపులో సీడీలు తిరగేస్తుంటే ఒక దాని మీద శ్రీనివాస్ గారి పేరు, పక్కన పొడవునా రంగురంగుల పట్టీ. ఆ పట్టీ నాకు బాగా తెలుసు, ప్యాషన్ సీడీ మీద ఉన్నదే, రియల్ వరల్డ్ ముద్ర. రామ శ్రీరామ, 1994. మరుసటి ఏడాది మైఖేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అని ఇంకొకటి. నక్క తల పెట్టుకుని డబ్లిన్‌లో గంతులేసిన మనిషి పెట్టిన కంపెనీ, మా పాలకొల్లు మాండొలిన్‌ని ప్రపంచానికి వినిపించింది! షాపులో నిలబడిపోయాను. ధర చూస్తే దడ పుట్టింది, అయినా కొన్నాను, కొని సంక్రాంతికి పిన్నికి ఇచ్చాను. అట్ట మీద చెయ్యి వేసి రాసి, "ఆయ్, మిశ్ర చాపు దొర మంచివాడేరా" అంది.

2014 సెప్టెంబర్ 19న శ్రీనివాస్ గారు చెన్నైలో పోయారు, నలభై అయిదేళ్లకే. ఆ రాత్రి పిన్ని ఆ సీడీ పెట్టించుకుని విందని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు.

అస్ ఆల్బం 1992 గురించి ఎక్కువమంది మాట్లాడరు, నాకు మాత్రం సో కంటే అదే ఇష్టం. పెళ్లి విడిపోయి, కూతురు మాట్లాడటం మానేసి, మానసిక చికిత్సకి వెళ్లి, తనలో కోపం ఎక్కడుందో తవ్వుకున్న మనిషి పాటలు. ఏ వేషమూ లేదు. ఆ తర్వాత వచ్చిన అప్‌కి పదేళ్లు పట్టింది, 2002. ఆ టూర్ డీవీడీలో అతనూ చిన్న కూతురు మెలనీ కప్పుకి తలకిందులుగా వేలాడుతూ నడుస్తూ పాడతారు, తండ్రీకూతుళ్లని అలా చూడటం భలే ఉంటుంది. అప్ తర్వాత కొత్త పాటలతో పూర్తి ఆల్బం రావడానికి ఇంకో ఇరవై ఒక్క ఏళ్లు! ఐ/ఓ, 2023 డిసెంబర్ 1. ఆ ఏడాదంతా ప్రతి పౌర్ణమికీ ఒక పాట విడుదల చేశాడు. మనకి పౌర్ణమి కొత్త కాదు, మా పిన్ని క్యాలెండర్ చూసి "ఇవాళ పున్నమి, మీ దొర పాట వచ్చిందా?" అని వాట్సాప్‌లో అడిగేది. ప్రతి పాటనీ ఇద్దరు ఇంజినీర్లు రెండు రకాలుగా మిక్స్ చేశారు, వెలుగు వైపు ఒకటి, చీకటి వైపు ఒకటి. నేను చీకటి వైపే వింటాను, బాస్ లోతుగా ఉంటుంది, గొంతు దగ్గరగా ఉంటుంది. డెబ్భై మూడేళ్ల గొంతు. తల్లి పోయాక రాసుకున్న అండ్ స్టిల్ అనే పాటలో అక్కడక్కడా వణుకుతుంది, ఆ వణుకుని చెరపకుండా ఉంచాడు.

బావ ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. 2023 అక్టోబర్‌లో గేబ్రియల్ అక్కడికి వస్తే టికెట్ కొన్నాడు, ముప్ఫై ఏళ్ల కోరిక. కచేరీ అవగానే, మనకి పొద్దున్నే అవుతుంది, ఫోన్ చేశాడు. ఏ ఆర్భాటమూ లేకుండా వేదిక మీద చలిమంట చుట్టూ కూర్చున్నట్టు కూర్చుని మొదలుపెట్టారట, టోనీ లెవిన్ పక్కన. 1977 ఆల్బంలో బాస్ వాయించిన లెవిన్, ఇప్పటికీ ఆయనే. సాల్స్‌బరీ హిల్ వచ్చినప్పుడు చుట్టూ అమెరికన్లు చప్పట్లు కొడుతూ తాళం తప్పుతుంటే తనొక్కడే తొడ మీద తకిట తకధిమి వేసుకున్నానని చెప్తూ బావ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. చివరి పాట బీకో. వాయించేవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు, గేబ్రియల్ కూడా వెళ్లిపోతాడు, జనం పాడుతూనే ఉంటారు, ఆఖరికి డ్రమ్మరు మను కాచే ఒక్కడే మిగులుతాడు.

కొత్తగా వినాలనుకునేవాళ్లు చాలామంది సో తోనే మొదలుపెడతారు, బావ కూడా అదే చెప్తాడు. నా మాట వింటే ముందు సాల్స్‌బరీ హిల్ వినండి, తర్వాత 1980 ఆల్బం మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరస మార్చకుండా, హెడ్‌ఫోన్స్‌లో, రాత్రిపూట. అది అయ్యాక ప్యాషన్. జెనిసిస్ పాత ఆల్బంలు నచ్చడానికి కొంచెం ఓపిక కావాలి, 1973 నాటి సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్‌తో మొదలుపెడితే తేలిక. రామ శ్రీరామ, డ్రీమ్ రెండూ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వాటిని మాత్రం స్పీకర్లలో పెట్టి ఇంట్లో అందరికీ వినిపించండి.